గంగపావిలి: కలుపుగా పారవేస్తున్న కమ్మని కూర

తొలకరి జల్లులు పడిన పది పదిహేను రోజులకు పెరటిలో, పూలకుండీలలో, ఇటుకల సందులలో ఒక మొక్క తనంతట తానే మొలుస్తుంది. ఎర్రని నున్నని కాడలు, దళసరి ఆకులు, కొమ్మల చివర చిన్న చిన్న పసుపుపచ్చని పూలు. దానిని నాటినవారు లేరు, నీరు పోసినవారు లేరు. చాలా ఇండ్లలో దానిని కలుపు అని పీకించి గోడ అవతల పారవేస్తారు. అదే రోజు సాయంకాలం బజారులో అదే మొక్కను కట్ట కట్టి అమ్మితే బేరమాడి కొని తెచ్చుకొంటారు. ఇంతటి విడ్డూరానికి కారణం ఒక్కటే. కూర పేరు మనకు తెలుసును గాని, మొక్క ముఖం తెలియదు.

ఆ మొక్కే గంగపావిలి. తెలంగాణలో గంగవాయిలి. ఊరూరా మరికొన్ని పేర్లు.

మేము గురుకులంలో చదువుకొన్న రోజులలో ఏ మూలికను గురించి అయినా పాఠం మూడు మెట్లలో సాగేది. ముందు నామం, తరువాత రూపం, ఆ పిమ్మట గుణం. పేరు చెప్పలేని శిష్యుడికి రూపం చూపేవారు కారు. రూపం గుర్తించలేని శిష్యుడికి గుణం చెప్పేవారు కారు. చరక మహర్షి సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఒక గొప్ప మాట సెలవిచ్చారు. ఓషధుల పేర్లూ రూపాలూ మేకల కాపరులకు, గోపాలకులకు, వనచరులకు కూడా తెలిసే ఉంటాయి; వాటిని ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వవలెనో తెలిసినవాడే వైద్యుడు అని దాని సారాంశం. తెలియని ఔషధం విషంతో సమానమనీ, తెలిసిన ఔషధం అమృతమనీ ఆ వెంటనే హెచ్చరించారు. ఈ వ్యాసంలో గంగపావిలిని ఆ మూడు మెట్ల మీదుగానే పరిచయం చేస్తాను.

నామం: గంగపావిలియా, గంగవాయిలియా?

ఆంధ్ర ప్రాంతంలో పావిలికూర, గంగపావిలి, గంగపాయల కూర అని పిలుస్తారు. తెలంగాణలో గంగవాయిలి కూర అంటేనే తెలుస్తుంది. ఇవి వేరు వేరు మొక్కలేమో అని కొందరు గృహిణులు సందేహపడుతూ ఉంటారు. సందేహం అక్కరలేదు. చిన్నప్పుడు బడిలో గసడదవాదేశ సంధి చదువుకొన్నాము గదా! కూర, కాయ కలిసి కూరగాయ అయినట్లు, తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్లు, రెండవ పదం మొదటనున్న పకారం వకారంగా మారుతుంది. గంగ, పావిలి కలిసినప్పుడు గంగవావిలి అవుతుంది. అది నాలుక మీద అరిగి గంగవాయిలి అయినదని నా అభిప్రాయం. సన్నని ఆకులు గల చిన్న జాతిని కొన్నిచోట్ల సన్నపావిలి అనీ, కొన్నిచోట్ల సన్నవాయిలి అనీ పిలవటం చూస్తే ఇదే మార్పు అక్కడా కనబడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. వావిలి అనే పేరుతో మనకు వేరే చెట్టు కలదు. నీలి పూలు పూసి, ఆకు నలిపితే ఘాటుగా వాసన వేసే పొద అది. సంస్కృతంలో దానిని నిర్గుండి అంటారు. కీళ్ళ నొప్పులకు కాపడానికి, బాలింతల స్నానపు నీటికి వాడుకొనేది ఆ వావిలాకే. దానికీ వంటింటి గంగవాయిలికీ ఏ బంధుత్వమూ లేదు. పేరు విని ఒకదాని బదులు మరొకటి తెచ్చుకొనకూడదు.

సంస్కృత నిఘంటువులలో గంగపావిలికి లోణికా, లోణీ అనే పేర్లు ఉన్నాయి. లవణం అనే సంస్కృత శబ్దం ప్రాకృతంలో లోణం అయినది. అనగా లోణిక అంటే ఉప్పదనం గల కూర. ఆకును పచ్చిగా నమిలి చూడండి, ఆ పేరు ఎంత సార్థకమో నాలుకే చెబుతుంది. గుజరాతీలో లూణీ, హిందీలో లోనియా, నోనియా, బెంగాలీలో నూనియా అనే పేర్లన్నీ ఆ లవణంలో నుండి పుట్టినవే. మలయాళంలో ఉప్పుచీర అనే పేరు కూడా కలదు. అంటే దేశం నాలుగు చెరగులా ప్రజలు ఈ మొక్కను ముందు నాలుకతో గుర్తుపట్టి, ఆ రుచినే పేరుగా పెట్టారన్నమాట.

తమిళుల దారి వేరు. వారు దీనిని పరుప్పుకీరై అంటారు. పరుప్పు అంటే పప్పు, కీరై అంటే ఆకుకూర. పప్పులో వేసుకొనే కూర అని వంటను బట్టి పేరు పెట్టుకొన్నారు. మహారాష్ట్రులు ఘోళ్ అంటారు. ఉత్తరాదిన కుల్ఫా అనే పేరు బాగా ప్రచారంలో ఉన్నది. అది పారశీకంలోని ఖుర్ఫా శబ్దం నుండి వచ్చినది. హైదరాబాదు యునానీ హకీములు తుఖ్మె ఖుర్ఫా అని వాడే నల్లని సన్న గింజలు ఈ మొక్క విత్తనాలే. మంచుతో చేసే కుల్ఫీకీ ఈ కుల్ఫాకీ సంబంధమేమైనా ఉన్నదా అని పిల్లలు అడుగుతారు. లేదు. కుల్ఫీ అనేది మూత బిగించిన పాత్రను సూచించే మరొక పారశీక శబ్దం నుండి వచ్చినది.

అరబ్బులు దీనికి పెట్టిన ఒక పేరు వింటే నవ్వు వస్తుంది: బఖ్లతుల్ హమ్ఖా, అనగా తెలివిమాలిన కూర. మనుషులు నడిచే బాటల మీద, వరద నీరు పారే దారులలో మొలిచి, తొక్కుడుపడి, కొట్టుకొనిపోతుంది గనుక దానికి బుద్ధి లేదని వారి చమత్కారం. చీనీయులు మా చీ షియెన్ అంటారు. గుర్రపు పళ్ళ వంటి ఆకులు గల తోటకూర అని దాని అర్థం. మన నిఘంటువులలో పెద్ద జాతికి ఘోటికా అనే పేరు ఉన్నది. ఘోటకం అంటే గుర్రమే గదా! ఈ రెండు పేర్లకూ చుట్టరికం ఉన్నదని నేను అనను గాని, పోలిక మాత్రం ముచ్చటగా ఉన్నది.

1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి పోర్చులాకా ఒలెరేసియా అనే శాస్త్రీయ నామం స్థిరపరిచాడు. పోర్చులాకా అనేది రోమనుల నాటి పాత పేరే. లాటిన్‌లో చిన్న తలుపు అనే అర్థం గల మాట నుండి అది వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞులు వివరిస్తారు. ఒలెరేసియా అంటే వంటకు పనికివచ్చే కూర. తలుపు ఎక్కడిదో కాయను చూస్తే తెలుస్తుంది.

రూపం: పచ్చని పువ్వే సాక్షి

గంగపావిలి నేలను అంటిపెట్టుకొని నలువైపులా పాకుతుంది. కాడలు గుండ్రంగా, నున్నగా, నీరు నిండి, ఎరుపు డాలుతో ఉంటాయి. ఆకులు చిన్న చెంచా ఆకారంలో, కాడ వైపు సన్నగా, కొన వైపు వెడల్పుగా, దళసరిగా ఉంటాయి. వాటిపై నూగు ఉండదు. కొమ్మ చివర ఆకుల గుత్తి నడుమ పసుపుపచ్చని పువ్వు పూస్తుంది. సాధారణంగా అయిదు రేకులు. ఎండ వచ్చిన తరువాత విచ్చి, కొద్ది గంటలలోనే ముడుచుకొంటుంది. మబ్బు పట్టిన రోజున విచ్చనే విచ్చదు. మన ఇండ్లలో అందానికి పెంచే టేబుల్ రోజ్ కూడా ఈ కుటుంబానిదే. ఎండ ఎక్కితేగాని పూయని గుణం రెండింటికీ సమానం.

పువ్వు వాడిన తరువాత చిన్న కాయ ఏర్పడుతుంది. అది పండగానే పైభాగం భరిణె మూత వలె ఊడివస్తుంది. లోపల ఇసుక రేణువుల వంటి నల్లని గింజలు ఉంటాయి. లాటిన్ పేరులోని చిన్న తలుపు ఇదే. ఒక్క మొక్క వేలాది గింజలు రాలుస్తుంది. అవి నేలలో ఎన్నో ఏండ్లు చెడకుండా నిద్రించి, తడి తగలగానే లేస్తాయి. ఎంత పీకినా మరల మొలవటానికి కారణం అదే.

సన్నపావిలి దీనికి చెల్లెలు. ఆకులు సన్నం, కణుపుల వద్ద తెల్లని నూగు, పువ్వుకు నాలుగు పసుపు రేకులు. అదియూ తినదగినదే. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో చేలలో తమంతట తామే మొలిచే కూరలను స్త్రీలు ఏరి తెచ్చి వండుకొనే సంప్రదాయం ఉన్నది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఆ కూరల వివరాలను సేకరించి వెలుగులోనికి తెచ్చినది. వాటిలో సన్నవాయిలి కూడా ఒకటి. విత్తనం కొననక్కరలేని, ఎరువు వేయనక్కరలేని ఆహారం అది.

ఇక అసలైన ప్రమాదం. గంగపావిలి పక్కనే, దాని వలెనే నేలను పరచుకొని, ఎర్రని కాడలతో పాలమొక్క ఒకటి పెరుగుతుంది. నానబాలు జాతికి చెందినది. తొందరలో చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. దానిని కూరలో కలిపితే నోరు, కడుపు మండి, వాంతులు విరేచనాలు కావచ్చును. గుర్తు చాలా సులభం. కాడను విరవండి. తెల్లని పాలు కారితే అది గంగపావిలి కాదు. గంగపావిలి కాడ నుండి జిగురుగా, నిర్మలంగా నీరు వస్తుందే తప్ప పాలు రావు. మరొకటి గలిజేరు జాతి మొక్క. దాని ఆకులు మరింత గుండ్రం, పూలు తెలుపు లేక లేత గులాబీ రంగు. కనుక మూడు పరీక్షలు గుర్తుంచుకొనండి: ఆకు దళసరిగా, నున్నగా ఉండవలెను, కాడ విరిస్తే పాలు రాకూడదు, పువ్వు పసుపుపచ్చగా ఉండవలెను. మూడూ కుదరకపోతే వంటింటిలోనికి తేవద్దు.

ఉదయపు పులుపు, సాయంకాలపు చప్పదనం

ఈ మొక్కలో ఒక విశేషమున్నది. నీరు చాలని రోజులలో పగటిపూట తన ఆకు రంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లదనంలో తెరచి గాలి పీల్చుకొంటుంది. ఆ గాలిని మాలిక్ ఆమ్లం అనే పులుపు రూపంలో ఆకులలో దాచి, పగలు ఎండలో ఖర్చు చేసుకొంటుంది. అందువలన దప్పిగొన్న మొక్క ఆకు తెల్లవారుజామున బాగా పుల్లగా, సాయంకాలానికి చప్పగా ఉంటుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2022లో ఈ మొక్క రెండు విధాల కిరణజన్య సంయోగ క్రియలను ఒకే కణాలలో నడుపుతుందని కనుగొన్నారు. శాస్త్రం సంగతి ఎటున్నా, గృహిణికి ఉపయోగం ఇది: పులుసుకు, పప్పుకు అయితే ఉదయం కోయండి, పులుపు సరిపడనివారికి వండేటప్పుడు సాయంకాలం కోయండి.

దేశదేశాల వంటింటిలో

దీనిని పేదల కూర అని చిన్నచూపు చూసేవారు తెలుసుకొనవలసిన సంగతులు ఉన్నాయి. ప్రాచీన గ్రీకు వైద్యులు ఆండ్రాక్నె అనే పేరుతో దీనిని ఎరుగుదురు. లెబనాన్‌లో ఫత్తూష్ అనే పచ్చికూరల వంటకంలో దీని ఆకులు చేర్చటం ఆచారం. తుర్కీలో సెమిజోతు అంటారు. అంటే కొవ్విన ఆకు అని అర్థం. ఆకు దళసరితనాన్ని చూసి పెట్టిన పేరు. వారు వెల్లుల్లి కలిపిన పెరుగులో దానిని వేసుకొని తింటారు. మెక్సికోలో వెర్దొలాగా అనే పేరుతో పచ్చని పులుసులో మాంసంతో కలిపి వండుతారు.

కొలంబస్ తరువాత వలసవచ్చిన తెల్లవారే ఈ మొక్కను అమెరికాకు తీసుకొనిపోయారని చాలాకాలం అనుకొన్నారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో క్రాఫర్డ్ సరస్సు అడుగు మట్టిలో, కొలంబస్ ప్రయాణానికి పూర్వపు పొరలలోనే దీని గింజలు, పుప్పొడి దొరికినట్లు 1975లో ప్రకటించారు. అమెరికా రచయిత థోరో 1854లో ప్రచురించిన వాల్డెన్ అనే గ్రంథంలో, తన మొక్కజొన్న చేనులో కోసుకొన్న ఈ కూరను ఉడికించి ఉప్పు వేసుకొని తృప్తిగా భోజనం చేసినట్లు చెప్పుకొన్నాడు. మన వైపు మాత్రం పప్పే దీనికి రాజమార్గం.

గంగపావిలి పప్పు: ఒక గ్లాసు కందిపప్పును విడిగా మెత్తగా ఉడికించండి. మూడు గుప్పెళ్ళ ఆకు, లేత కాడలు కడిగి తరిగి, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ చేర్చి మగ్గనివ్వండి. ఆకులోనే పులుపు ఉన్నది గనుక చింతపండు మామూలుగా వేసే దానిలో సగం చాలును. మామిడికాయ కాలంలో అయితే రెండు ముక్కలు చాలును. ఉప్పు ముందుగా వేయకండి. ఆకులో సహజంగానే ఉప్పదనం ఉన్నది. చివర రుచి చూసి వేసుకొనండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చితకకొట్టిన వెల్లుల్లి, ఇంగువతో నేతి పోపు పెట్టండి. జీలకర్ర, ఇంగువ ఇక్కడ సువాసనకు మాత్రమే కాదు. ఆకుకూర చేసే వాయువును అవి అణచుతాయి.

పెరుగు పచ్చడి: ఆకును మరిగే నీటిలో మూడు నిమిషాలు ఉడికించి, నీరు వంపివేసి, పిండి, తరిగి, చిక్కని తాజా పెరుగులో కలిపి పోపు పెట్టండి. వేసవి మధ్యాహ్నానికి ఇంతకంటే హితమైన ఆధరువు అరుదు. దీని మరొక ప్రయోజనం ముందు చెబుతాను.

పులుపు గల కూర గనుక కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో వండకూడదు.

గుణం: శాస్త్రం ఏమన్నది?

16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో శాకవర్గంలో ఈ రెండు జాతులనూ వేరువేరుగా పేర్కొన్నాడు. చిన్న లోణిక రూక్షం, గురువు, ఉప్పదనం, పులుపు గలది, వాతకఫాలను హరిస్తుంది, జఠరాగ్నిని పెంచుతుంది, అర్శస్సులకు, అనగా మూలశంకకు, మంచిది అన్నాడు. పెద్దదైన ఘోటిక పుల్లనిది, విరేచనం సాఫీగా అయ్యేటట్లు చేసేది, ఉష్ణవీర్యం గలది. వాతాన్ని పెంచి కఫపిత్తాలను తగ్గిస్తుంది. వ్రణాలలో, దగ్గు ఆయాసాలలో, ప్రమేహంలో, వాపులలో, నేత్రరోగాలలో హితమని చెప్పాడు.

ఇక్కడ చదువరులకు ఒక ప్రశ్న పుట్టవలెను. మన ఇండ్లలో దీనిని చలువ కూర అంటాము. యునానీ వైద్యులూ శీతలమనే చెబుతారు. భావమిశ్రుడు ఉష్ణమన్నాడేమి? ద్రవ్యం యొక్క వీర్యాన్ని ఒక్కొక్క వైద్యపద్ధతి ఒక్కొక్క కొలతతో నిర్ణయిస్తుంది. ఉష్ణమన్న భావమిశ్రుడే పిత్తాన్ని తగ్గిస్తుందని కూడా అన్నాడు గదా! జిగురు, నీరు మెండుగా గల ఆకును మజ్జిగతో తింటే ఒక ఫలితం, మిరపకాయలు, వెల్లుల్లి దండిగా వేసి తింటే మరొక ఫలితం. చలువ అనే ఒక్క మాట నమ్మి కారం గుప్పించి, పుండు గల కడుపును బాధపెట్టుకొనటం తెలివి కాదు.

ఆధునిక విశ్లేషణ ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో 93 గ్రాముల వరకు నీరే ఉంటుంది. సుమారు 20 మిల్లీగ్రాముల సి విటమిన్, 65 మిల్లీగ్రాముల కాల్షియం, 68 మిల్లీగ్రాముల మెగ్నీషియం, దాదాపు 490 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి.

చేపనూనెకు ప్రత్యామ్నాయమా?

1986లో సిమోపౌలస్, సేలం అనే శాస్త్రజ్ఞులు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ మొక్క ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలకు నేల మీద దొరికే మంచి ఆధారమని రాశారు. అప్పటి నుండి దీని ఖ్యాతి పెరిగినది. ఇప్పుడు కొందరు చేతిఫోనులలో వచ్చే మాటలు చదివి, గంగపావిలి తింటే గుండె మందులు అక్కరలేదని, చేపనూనెతో సమానమని నమ్ముతున్నారు. నిజం ఎంతవరకో చెబుతాను.

100 గ్రాముల పచ్చి ఆకులో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం సుమారు 300 నుండి 400 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆకుకూరలలో అది నిశ్చయంగా ఎక్కువే. అయితే చేపలలో ప్రధానంగా ఉండే ఒమేగా-3 వేరు, ఆకులలో ఉండేది వేరు. ఆకులోనిదానిని మన శరీరం చేపలోనిదాని వలె మార్చుకొనగలదు గాని, కొద్ది భాగం మాత్రమే. కనుక శాకాహారులకు ఇది మంచి కూర అనటం సత్యం. హృద్రోగానికి మందు అనటం అసత్యం. మధుమేహం విషయమూ అంతే. భావమిశ్రుడు ప్రమేహంలో హితమన్నాడు. హితమైన ఆహారమని దాని భావం. వైద్యుడు ఇచ్చిన మాత్రలు మానివేసి దీనిని తినమని కాదు.

ఎవరు జాగ్రత్తపడవలెను?

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

గంగపావిలిలో పాలకూరలో వలెనే ఆక్సాలిక్ ఆమ్లం అధికం. మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే స్వభావం గలవారికి ఇది సరిపడదు. నా వద్దకు వచ్చిన ఒక గృహస్థు, అప్పటికే రెండుసార్లు రాళ్ళు పడినవాడు, మూత్రం సాఫీగా అవుతుందని ఎవరో చెప్పగా ఈ ఆకు పచ్చిరసం గ్లాసెడు చొప్పున ప్రతి ఉదయం తాగుతూ ఉన్నాడు. నడుము నొప్పి మరల మొదలైన తరువాత గాని ఆ సంగతి చెప్పలేదు. రసం వెంటనే మాన్పించి, మూత్రపిండాల నిపుణుని వద్దకు పంపవలసి వచ్చినది. పచ్చి ఆకు రసం అధికంగా తాగి మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం వైద్య పత్రికలలో కూడా నమోదైనది. కూరగా తినేది గుప్పెడు; రసం తీస్తే ఒక గ్లాసులో బుట్టెడు ఆకు ఇమిడిపోతుంది. ఆహారానికీ అతిమాత్రకూ ఉన్న తేడా అదే.

ఆరోగ్యవంతులు సైతం దీనిని వారానికి ఒకటి రెండు సార్లు కూరగా తింటే చాలును. ఉడికించి నీరు వంపివేస్తే ఆక్సాలిక్ ఆమ్లంలో కొంత పోతుంది. పెరుగులోని కాల్షియం మిగిలినదానిలో కొంత భాగాన్ని కట్టివేసి రక్తంలోనికి పోనీయదు. పెరుగు పచ్చడిని మెచ్చుకొన్నది రుచికి మాత్రమే కాదు, ఇందుకే.

మూత్రపిండాల పని తగ్గినదని వైద్యులు చెప్పినవారు పొటాషియం కారణంగా కూడా దీనిని వారి అనుమతి లేక తినకూడదు. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వంటి మాత్రలు వాడేవారు ఏ ఆకుకూరనైనా ఒక రోజు విస్తారంగా, మరొక రోజు అసలే లేకుండా తినకూడదు. గర్భవతులు దీని రసం, గింజల చూర్ణం వంటి ఔషధరూపాలు వైద్యుని సలహా లేక వాడకూడదు.

మరొక జాగ్రత్త స్థలాన్ని గురించినది. కలుపుమందు చల్లిన చేనిలో, మురుగు కాలువ గట్టున, వాహనాలు తిరిగే రోడ్డు పక్కన మొలిచినది ఎంత లేతగా ఉన్నా కోయకండి. ఈ మొక్క మట్టిలోని హానికర లోహాలను సైతం పీల్చుకొనగలదు. కలుపు తీసేవారు పావిలికూరను వేరుగా ఏరి ఒడిలో వేసుకొనే రోజులు పోయి, చేనంతటికీ మందు చల్లే రోజులు వచ్చిన తరువాత ఈ కూరకు రెండు విధాల నష్టం కలిగినది. మొక్క తగ్గినది, మిగిలినది నమ్మదగకుండా పోయినది.

కొన్ని గృహ ప్రయోగాలు

1. మలబద్ధం, మొదటి దశలోని మూలశంక ఉన్నవారు వారానికి రెండు రోజులు ఉడికించిన ఆకును పలుచని మజ్జిగతో, వేయించిన జీలకర్ర పొడితో తినవచ్చును. ఆకులోని జిగురు మలాన్ని మృదువు చేస్తుంది. రక్తం పడుతున్నట్లయితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక పరీక్ష చేయించుకొనవలెను.

2. వేసవిలో పేలిన చెమటకాయలపై, ఎండకు కమిలిన చర్మంపై శుభ్రంగా కడిగిన ఆకును మెత్తగా నూరి పట్టించి, ఇరవై నిమిషాలు ఉంచి చన్నీటితో కడగవలెను. ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి దురద రాలేదని చూసుకొనండి. చర్మం పగిలిన గాయాలపై, కాలిన పుండ్లపై పెట్టకూడదు.

3. జ్వరం తగ్గి నోరు చప్పబడినవారికి పెసరపప్పుతో పలుచగా చేసిన పావిలికూర కట్టు రుచి పుట్టిస్తుంది. మిరప బదులు మిరియాలు వాడండి.

కుండీలో పెంపకం

ఇన్ని జాగ్రత్తలు విని భయపడనక్కరలేదు. అన్నింటికీ మందు ఇంటిలోనే పెంచుకొనటం. ఒక వెడల్పాటి కుండీ, సగం ఇసుక సగం మట్టి, ఎండ తగిలే చోటు ఉంటే చాలును. గింజలను పొడి ఇసుకతో కలిపి మట్టి పైన చల్లండి. లోతుగా పూడ్చితే మొలవవు. బజారులో తెచ్చిన కట్టలో ముదురు కాడలను జానెడేసి గుచ్చినా వేరు పోసుకొంటాయి. నాలుగైదు వారాలలో కోతకు వస్తుంది. కొసలు తుంచిన కొద్దీ కొమ్మలు వేస్తుంది. నీరు నిలువ ఉంటే మాత్రం కుళ్ళుతుంది. ఆకు నేలను తాకి పెరుగుతుంది గనుక వండేముందు మూడు నీళ్ళలో కడగవలెను.

పిల్లలను పిలిచి ఆ కుండీ దగ్గర నిలబెట్టండి. ఆకు తాకి చూడమనండి, కాడ విరిచి పాలు లేవని చూపండి, పది గంటల ఎండలో పచ్చని పువ్వు విచ్చటం చూపండి. గంగవాయిలి అని మీ అమ్మగారు పిలిచిన పేరుతోనే వారికి పరిచయం చేయండి. నామం, రూపం, గుణం మూడూ ఒక పూటలో వారికి వచ్చివేస్తాయి. పుస్తకంలో చదివితే ఈ మూడూ కలిసిరావు. ఒక కూరను గుర్తుపట్టగలిగిన చివరి మనిషి పోయిన ఇంటిలో, ఆ కూర పెరటినిండా మొలిచినా అది కలుపే అవుతుంది.